నెట్ రాకపోతే తప్పు నా ఫ్రీబీఎస్‌డీదా?

రూటర్ మీద ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎర్ర లైటు వెలుగుతోంది. ఆ లైటు వెలిగిందంటే ఫైబర్‌లో సిగ్నల్ రావట్లేదని అర్థం. ఇంట్లో ఫోన్లకి నెట్ లేదు, టీవీకి నెట్ లేదు. అయినా కంప్లైంట్ మీద వచ్చిన కుర్రాడు ఆ లైటు వైపు తలెత్తి చూడలేదు. నా డెస్క్‌టాప్ చూశాడు. అందులో నడిచేది ఫ్రీబీఎస్‌డీ, విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. "ఇది విండోస్ కాదు కదా సార్, అందుకే నెట్ వస్తలేదు" అన్నాడు, వెళ్ళిపోయాడు. ఇందాకే మెసేజ్ వచ్చింది. కస్టమర్ సిస్టమ్‌లో సమస్యట, కంప్లైంట్ క్లోజ్ చేశారట! ఇదంతా ఫోన్ డేటా మీద రాస్తున్నా. ఒళ్ళు మండిపోతోంది.

నేను ఊరికే వదిలిపెట్టలేదు. టెర్మినల్ తెరిచి, నెట్‌వర్క్ కనెక్షన్ సంగతి చెప్పే ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్ కొట్టి చూపించా. నెట్‌వర్క్ కార్డు దగ్గర 'యాక్టివ్' అనే ఉంది. రూటర్ ఇచ్చిన 192.168 అడ్రస్ ఉంది. రూటర్‌కి పింగ్ కొడితే, అంటే 'ఉన్నావా' అని చిన్న సందేశాలు పంపితే, ఒక్కటి కూడా తప్పిపోకుండా జవాబొస్తోంది. అంటే నా కంప్యూటర్ నుంచి ఆ డబ్బా దాకా అంతా సవ్యంగా ఉంది, డబ్బా నుంచి బయటికే దారి లేదు. ఇంకేం రుజువు కావాలి? "ఈ నల్ల స్క్రీన్ నాకు తెల్వదు సార్, విండోస్ లాప్‌టాప్ ఉంటే పెట్టండి, చెక్ చేస్తా" అన్నాడు. పైగా వాల్‌పేపర్ మీద త్రిశూలం పట్టుకున్న ఎర్ర దెయ్యం పిల్లని చూసి, సిస్టమ్ హ్యాక్ అయిందేమో ఎవరికైనా చూపించమని సలహా ఒకటి. అది ఫ్రీబీఎస్‌డీకి మూలమైన బీఎస్‌డీ వాళ్ళ గుర్తు, ఎన్నో ఏళ్ళ నుంచీ ఉన్న బొమ్మ.

నాకు ఎక్కడ మండుతోందో చెప్తా. ఇంటర్నెట్ రాకపోవడానికి కారణం బీఎస్‌డీ అంటారా? 1983లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి 4.2 బీఎస్‌డీ వచ్చింది, యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో అదొక రకం. నెట్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి టీసీపీ/ఐపీని, ప్రోగ్రాములు దాన్ని వాడుకోవడానికి సాకెట్లని యూనిక్స్ వాడేవాళ్ళ చేతికి ఇచ్చింది అదే. ఇవాళ మీ ఫోన్‌లో ఏ యాప్ నెట్‌కి వెళ్ళినా లోపల ఆ సాకెట్ల పద్ధతే నడుస్తోంది. ఫ్రీబీఎస్‌డీ ఆ వంశంలోదే, 1993లో మొదలైంది. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా పెట్టుకుంటే ఆ వీడియోని మన దాకా పంపే వాళ్ళ సర్వర్లు నడిచేది ఫ్రీబీఎస్‌డీ మీద. పిల్లలు ఆడే ప్లేస్టేషన్ 4 లోపల ఉన్నదీ ఫ్రీబీఎస్‌డీ మీద కట్టిందే. వాట్సాప్ వాళ్ళు 2012లోనే ఒక్క ఫ్రీబీఎస్‌డీ సర్వర్ మీద 20 లక్షల పైగా కనెక్షన్లు నిలబెట్టామని రాసుకున్నారు. నా కంప్లైంట్ క్లోజ్ అయిందన్న కబురు నేను మా తమ్ముడికి పంపింది కూడా వాట్సాప్‌లోనే!

అసలు ఈ సిస్టమ్ ఎందుకు వేసుకున్నానో కూడా వినండి. నాది నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఇంకా నిక్షేపంలా ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి. దుకాణంలో అడిగితే "పక్కన పడేసి కొత్తది తీసుకోండి సార్" అని తేల్చేశారు. మంచిగా నడిచే మెషీన్‌ని ఎందుకు పడెయ్యాలి? నా డబ్బులు పెట్టి కొనుక్కున్నది అది.

ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాల్ చేస్తే రంగురంగుల డెస్క్‌టాప్ దానంతట అది రాదు, నిజమే. లాగిన్ అని అడిగి ఆగిపోతుంది. ఆపైన మనమే కట్టుకోవాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ ప్యాకేజీ, తెర మీద బొమ్మ చూపించే ఎక్స్‌ఆర్గ్, డెస్క్‌టాప్ ఇచ్చే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక్కొక్కటే దించుకున్నా. ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో ఏ సర్వీసు లేవాలో లైను లైనుగా రాశా. ప్రతి లైనూ ఎందుకు రాస్తున్నానో తెలిసి రాశా. నా యూఎస్‌బీ వైఫై డాంగిల్‌ని అది గుర్తుపట్టలేదు. సరే, హాల్లోంచి కేబుల్ లాక్కున్నా. అప్‌డేట్ చేసేముందు జెడ్‌ఎఫ్‌ఎస్ బూట్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి, అంటే అప్పటి సిస్టమ్‌కి నకలు లాంటిది, చేసి పెట్టుకుంటే చాలు, తేడా కొడితే బూట్ మెనూలోనే పాతదాన్ని ఎంచుకుని వెనక్కి రావచ్చు. అర్ధరాత్రి దానంతట అది రీస్టార్ట్ అయి నా పని పోగొట్టిన పాపాన పోలేదు. తెలుగు కూడా హాయిగా వస్తోంది. చూడ్డానికి నోటో ఫాంట్, టైపు చెయ్యడానికి ఐబస్, ఎమ్17ఎన్‌లో ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టుకున్నా, ఒత్తులూ వట్రసుడులూ ఎక్కడా విరగట్లేదు.

ఇక "ఉబుంటు వేసుకోవచ్చుగా" అనే మిత్రులకి. ప్రతిసారీ ఇదే మాట! ఉబుంటు లైనక్స్‌లో ఒక రకం, లైనక్స్ మీద నాకు పగేం లేదు. కానీ ఫ్రీబీఎస్‌డీలో సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నలూ, దానితో వచ్చే కమాండ్లూ, మాన్యువల్ పేజీలూ అన్నీ ఒకే ప్రాజెక్టు, ఒకే సోర్సు. నేను తర్వాత తెచ్చుకున్న ప్యాకేజీలన్నీ యూఎస్ఆర్ లోకల్ అనే ఫోల్డర్ కింద విడిగా ఉంటాయి. ఏది సిస్టమ్‌దో, ఏది నేను తెచ్చుకున్నదో కలగాపులగం కాదు. ఫ్రీబీఎస్‌డీ వాళ్ళ హ్యాండ్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు కొడితే పనిచేస్తుంది. దీనికి పేరు రాకపోవడానికి కారణం నాణ్యత కాదు, కోర్టు కేసు. 1992లో ఏటీ అండ్ టీ తాలూకు యూనిక్స్ సంస్థ బీఎస్‌డీ కోడ్ మీద కేసు వేసింది. 1994లో రాజీ కుదిరేదాకా ఈ కోడ్ వాడితే ఏమవుతుందోనని అందరికీ టెన్షనే. సరిగ్గా ఆ రోజుల్లోనే లైనక్స్ ఎదిగిపోయింది. ఈ సంగతి తెలియని వాళ్ళే "అది ఎవరూ వాడరు" అని కొట్టిపారేస్తారు.

సరే, ఆ కుర్రాడి దగ్గరికి వస్తా. "ఏం చదివావు తమ్ముడూ?" అని అడిగా. "బీటెక్ సీఎస్ఈ సార్" అన్నాడు. నిజం చెప్తున్నా, ఆ మాట విన్నాక కోపం అతని మీద నుంచి పోయింది. పోయి ఎక్కడ పడాలో అక్కడ పడింది.

నేనూ ఆ చదువే చదివా. మాకూ యూనిక్స్ ల్యాబ్ ఉండేది. ఉండేది అంటే టైమ్ టేబుల్లో. మెషీన్లలో విండోస్, అందులో సీ ప్రోగ్రాములు రాసే టర్బో సీ నీలం తెర. యూనిక్స్ ప్రాంప్ట్ అనేది ఎలా ఉంటుందో ఎవరూ చూపించలేదు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని ప్రోగ్రామూ, కిందే అవుట్‌పుటూ కాపీ చెయ్యడమే ల్యాబ్. అందులో ఫోర్క్ ప్రోగ్రామ్ ఒకటి, నడుస్తున్న ప్రోగ్రామ్ (పేరెంట్) తనలాంటి ఇంకో ప్రాసెస్‌ని (చైల్డ్) పుట్టిస్తుంది. ఆ ప్రోగ్రామ్ నడిపినప్పుడల్లా కెర్నల్ కొత్త ప్రాసెస్‌కి కొత్త నంబర్ ఇస్తుంది. మా క్లాసంతటి రికార్డుల్లో పేరెంట్ నంబరూ ఒకటే, చైల్డ్ నంబరూ ఒకటే! ముందు బ్యాచ్ వాళ్ళవీ అవే. అప్పట్లో ఉబుంటు సీడీలు ఫ్రీగా పోస్టులో పంపేవాళ్ళు. ఒకటి తెప్పించుకుని మా బాబాయి వాళ్ళ కంప్యూటర్లో ఆ ప్రోగ్రామ్ నిజంగా నడిపి, వచ్చిన నంబర్లే రికార్డులో రాసుకెళ్ళా. మేడమ్ ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి "అవుట్‌పుట్ తప్పు, మళ్ళీ రాసుకురా" అన్నారు. నడిపి చూసినవాడిది తప్పు, కాపీ కొట్టినవాళ్ళది కరెక్టు. ఇన్నేళ్ళయినా ఆ గీత నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

అదే చదువు ఆ కుర్రాడికీ చెప్పారు. ఎర్ర లైటు ఎదురుగా వెలుగుతున్నా, పింగ్ జవాబు కళ్ళ ముందు కదులుతున్నా, కాగితం మీద ఉన్న "విండోస్‌లో చెక్ చేయాలి" అన్న లైనే అతనికి నిజం. అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ బోర్డులు, అమెరికా నిండా మన పిల్లలు, ఇంట్లో మాత్రం విండోస్ కాని కంప్యూటర్ కనిపిస్తే వైరస్ అంటారు, హ్యాకింగ్ అంటారు.

కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు ఇది చదువుతుంటే సూటిగా అడుగుతున్నా. విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్‌లు మీ ల్యాబుల్లో లేవా? వాటిలో ఒక్కదాని మీద ఫ్రీబీఎస్‌డీ వేసి పిల్లల చేతికి ఇవ్వండి. పైసా ఖర్చు లేదు. ఫోర్క్ ఎలా పనిచేస్తుందో కెర్నల్ సోర్సులో కెర్న్ ఫోర్క్ డాట్ సీ అనే ఫైల్ ఉంది, తెరిచి చదవనివ్వండి. ప్రోగ్రామ్ ఎవరిది వాళ్ళే నడపనివ్వండి. ఇద్దరి రికార్డుల్లో ఒకే నంబర్లు కనబడితే అప్పుడు కొట్టెయ్యండి ఎర్ర పెన్నుతో.