తీసేసి మళ్లీ వేద్దామా, అసలు కారణం వెతుకుదామా?

(నాన్న కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదు. డబుల్ క్లిక్ చేస్తే కాసేపు తిరిగి, “థండర్‌బర్డ్ ఇప్పటికే నడుస్తోంది, కానీ స్పందించడం లేదు” అన్న మెసేజ్ వస్తోంది. తమ్ముడిది ఒక దారి, అక్కది ఒక దారి. నా మొగ్గు అక్కవైపే. అయినా తమ్ముడు మరీ తీసిపారేసేలా మాట్లాడలేదు.)

తమ్ముడు: ఇందులో ఆలోచించడానికేముందక్కా? అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేస్తే ఐదు నిమిషాల పని.

అక్క: తలగడ మారిస్తే తలనొప్పి పోతుందట్రా? మెసేజ్ ఏమంటోందో చదివావా? “ఇప్పటికే నడుస్తోంది” అంటోంది. నిన్న మూసినప్పుడు కిటికీ పోయింది గానీ ప్రోగ్రామ్ లోపల బతికే ఉండొచ్చు. నడుస్తున్న ప్రోగ్రాములను చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి, అక్కడ కనిపిస్తే ఆపెయ్.

తమ్ముడు: అంత తతంగం ఎందుకు, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే అదే చస్తుందిగా!

అక్క: (ఒక్క క్షణం ఆగి) అదీ నిజమే. చెయ్.

(చేశాడు. ఈసారి మెసేజ్ రాలేదు. కిటికీ తెరుచుకుంది, తెల్లగా, ఖాళీగా. అక్కడే బిగుసుకుపోయింది.)

తమ్ముడు: చూశావా? ప్రోగ్రామే పాడైపోయింది. ఇప్పుడైనా తీసేద్దామా?

అక్క: ప్రోగ్రామ్ ఉండే చోటు వేరు, నాన్న మెయిళ్లు ఉండే చోటు వేరు. మెయిళ్లు, అకౌంట్లు, సెట్టింగులు, యాడ్‌ఆన్‌లు (అంటే పైనుంచి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) అన్నీ ప్రొఫైల్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. విండోస్‌లో అయితే యాప్‌డేటా లోపల రోమింగ్, అందులో థండర్‌బర్డ్. నువ్వు అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పోయేది ప్రోగ్రామ్ ఒక్కటే, ప్రొఫైల్ ఎక్కడిదక్కడే ఉంటుంది. రోగం ప్రొఫైల్‌లో ఉంటే, మళ్లీ వేసిన కొత్త ప్రోగ్రామ్ వెళ్లి ఆ పాత రోగాన్నే తగిలించుకుంటుంది.

తమ్ముడు: అయితే మంచిదేగా! మెయిళ్లు పోవన్నమాట. ఇక నీకు భయమెందుకు?

అక్క: ఇంకొకటుంది, విను. 2019లో వచ్చిన 68వ వెర్షన్ నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు ఒక్కో ప్రొఫైల్ కేటాయిస్తోంది. నువ్వు మళ్లీ వేసేటప్పుడు పాత ఫోల్డర్‌లో కాకుండా ఇంకో ఫోల్డర్‌లో వేశావనుకో, అది కొత్త ఖాళీ ప్రొఫైల్‌తో తెరుచుకోవచ్చు. నాన్న ఆ ఖాళీ తెర చూస్తే మెయిళ్లన్నీ పోయాయనుకుంటారు. ఆ టెన్షన్ నువ్వు పడతావా?

తమ్ముడు: పోనీ పాత వెర్షన్ వేద్దాం. అప్పుడు బాగానే నడిచిందిగా.

అక్క: కొత్త వెర్షన్ వాడేసిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవనంటుంది.

తమ్ముడు: నువ్వు కొండను తవ్వి ఎలుకను పట్టే రకం. ఆయనకు కావలసింది మెయిల్, నీ పరిశోధన కాదు. సరే, రీఇన్‌స్టాల్ మాట వదిలేస్తున్నా. కొత్త ప్రొఫైల్ ఒకటి చేసి, అందులో అకౌంట్ పెట్టేద్దాం. మెయిళ్లు సర్వర్ నుంచి అవే దిగుతాయి. కారణం ఏదైతే మనకేంటి?

(ఇది గట్టి వాదనే. చాలామంది విషయంలో ఇదే చాలు కూడా.)

అక్క: అకౌంట్ ఐమ్యాప్ అయితే, అంటే మెయిళ్లు సర్వర్‌లోనే ఉండే పద్ధతి అయితే, నీ మాటకు నేను ఎదురు చెప్పను. కానీ నాన్నది పాప్. ఆ పద్ధతిలో మెయిల్ కంప్యూటర్‌లోకి దిగాక సర్వర్‌లో చెరిగిపోవచ్చు. “సర్వర్‌లో ఉంచు” అని పెట్టినా, 14 రోజులు దాటితే తీసేయమనే సెట్టింగ్ ఒకటుంటుంది. ఏళ్ల తరబడి వచ్చిన మెయిళ్లు ఈ ఒక్క ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు.

తమ్ముడు: ...సరే. అయితే నీ దారి చెప్పు. క్లుప్తంగా.

అక్క: షిఫ్ట్ నొక్కి పట్టుకుని థండర్‌బర్డ్ తెరువు. ట్రబుల్‌షూట్ మోడ్ అడుగుతుంది. ఇదివరకు సేఫ్ మోడ్ అనేవాళ్లు, అదే ఇది. అక్కడ టిక్ పెట్టే గడులు కనిపిస్తాయి. వాటిని ముట్టుకోకు, అవి సెట్టింగులను శాశ్వతంగా మార్చేస్తాయి. ఊరికే కొనసాగించు. యాడ్‌ఆన్‌లు, గ్రాఫిక్స్ వేగం పెంచే సదుపాయం లేకుండా తెరుచుకుంటుంది. అలా బాగా నడిచిందంటే దొంగ దాదాపుగా యాడ్‌ఆన్‌లలోనే ఉన్నాడు, లేదంటే గ్రాఫిక్స్ దగ్గర ఉన్నాడు.

తమ్ముడు: అలా కూడా తెరుచుకోకపోతే?

అక్క: అప్పుడు మెయిల్ ఫోల్డర్‌లోకి వెళ్లాలి. అక్కడ ఇన్‌బాక్స్ పేరుతో రెండు ఫైళ్లుంటాయి. చివర ఏ తోకా లేనిది అసలు మెయిళ్ల మూట. ఎంఎస్‌ఎఫ్ అని తోక ఉన్నది ఉత్త విషయసూచిక. ఆ సూచిక చెడితే ఫోల్డర్ తెరిచేటప్పుడు ఇబ్బంది రావచ్చు. ప్రోగ్రామ్ మూసి ఉండగా దాన్ని తీసేస్తే, మూటను మళ్లీ చదివి కొత్త సూచిక అదే రాసుకుంటుంది.

తమ్ముడు: ఓహో! ఇంతసేపూ నేను తీసేద్దామంటే తప్పు, నువ్వు తీసేస్తే ఒప్పా?

అక్క: (నవ్వి) ఏది తీస్తున్నానో తెలిసి తీస్తున్నా. తోక చూడకుండా ఆ తోక లేనిదాన్ని తీశావంటే ఇన్‌బాక్స్ మొత్తం పోయినట్టే. యాంటీవైరస్‌ కూడా ఒక్కోసారి చేసే పని అదే. మూటలో ఒక్క చెడ్డ అటాచ్‌మెంట్ దొరికితే, అన్ని మెయిళ్లూ ఒకే ఫైల్ కాబట్టి మూటనంతా పట్టుకెళ్లి విడిగా బంధిస్తుంది. అందుకే ముందు ఈ ప్రొఫైల్ ఫోల్డర్‌ను ఇంకో డిస్క్‌లోకి కాపీ చేద్దాం. ఆ తర్వాత నీ ఇష్టం, నువ్వు చెప్పిన కొత్త ప్రొఫైల్ కూడా చేసి చూద్దాం.

తమ్ముడు: అంటే ఆఖరికి నా దారికే వచ్చావు.

అక్క: కాపీ పెట్టాక వచ్చాను.

తమ్ముడు: ఆ ఫోల్డర్ ఎంత ఉందో చూశావా? ఎన్ని గంటలు పడుతుందో ఏమో. ఈలోగా నాన్నకేం చెప్పను?

అక్క: బ్రౌజర్‌లో లాగిన్ అయి చూసుకోమను.

తమ్ముడు: సర్వర్‌లో ఏమీ ఉండకపోవచ్చని ఇందాకేగా అన్నావు!

అక్క: పాతవి మాట. ఈ రెండ్రోజుల్లో వచ్చినవి ఉంటాయిగా. థండర్‌బర్డ్ తెరుచుకోలేదు కాబట్టే అవింకా కిందికి దిగలేదు.