కూనవరం ఏ జిల్లా?

2012 సంక్రాంతికి కూనవరంలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోట ఆమెను నిలబెట్టి ఫోనుతో ఫొటో తీశాను. మొన్న పాత ఫొటోలు సర్దుతూ, వాటికి ఊళ్ల పేర్లు తనంతట తానే రాసే సాఫ్ట్‌వేర్‌ను నడిపితే, దాని వివరణలో ‘అల్లూరి సీతారామరాజు జిల్లా’ అని రాసింది. ఫొటో తీసిన రోజున ఆ పేరుతో జిల్లాయే లేదు! అప్పుడు కూనవరం ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు తూర్పు గోదావరిలో కలిసింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాకు మారింది.

ఫోను ఫొటో ఫైలులో దాచేది అక్షాంశ రేఖాంశాల అంకెలను. వాటిని పేరుగా మార్చే సాఫ్ట్‌వేర్ జియోనేమ్స్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వంటి ఊళ్ల పేర్ల జాబితాల్లో నేడు ఏముందో చూస్తుంది. ఫొటో తీసిన తేదీ అదే ఫైలులో ఉన్నా ఆ సంగతి పట్టించుకోదు. పైగా ఫొటో ఫైలులో వివరాలు ఎలా రాయాలో చెప్పే, పత్రికా రంగం కోసం ఏర్పడిన ఐపీటీసీ ప్రమాణంలో దేశానికి, రాష్ట్రానికి, నగరానికి, అందులోని చోటుకు గడులున్నాయి. జిల్లాకూ మండలానికీ లేవు. ‘మీది ఏ ఊరు?’ అని అడిగితే మనం ముందుగా చెప్పేవే అవి.

అయినా ఈ సదుపాయం వద్దని నేను అనను. వేల ఫొటోలకు చేత్తో పేర్లు రాసే ఓపిక ఎవరికుంది? అంకెలు ఉండనివ్వండి, యంత్రం రాసినదీ ఉండనివ్వండి. (పిల్లల ఫొటోలను బయట పెట్టేటప్పుడు మాత్రం అంకెలు తీసేయాలి.) వివరణ గడిలో ఆనాటి పేరు, ఆనాటి జిల్లా మనమే తెలుగులో రాయాలి. ముంపు ఊళ్లవాళ్లకు ఇది మరీ అవసరం. కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలిపోతున్నాయి. రేవుకు, చింతచెట్టు కింది అరుగుకు, గుడి వెనక సందుకు ఊరివాళ్లు పెట్టుకున్న పేర్లు ఏ జాబితాలోనూ దొరకవు. ఊరి పేరైతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగులో ఎవరైనా చేర్చవచ్చు. ఇది చదివేవాళ్లు ఒక్కొక్కరు తమ సొంత ఊరితో మొదలుపెట్టాలని నా కోరిక.

నేను ప్రతి ఆదివారం మేనత్తకు ఫోను చేసి, ఒక్కొక్క ఫొటో గురించి అడిగి రాసుకుంటున్నాను. నలభై అయ్యాయి. పోయిన వారం రేవు పక్క వీధి పేరు దగ్గర ఆగిపోయాము. ఆమెకూ గుర్తు రాలేదు. “ఉండరా, పక్కింటి వదినను అడిగి చెబుతాను” అన్నది.