కీళ్లవాతానికి గంజాయి నూనె: నొప్పి లెక్క వేరు, వాపు లెక్క వేరు

కీళ్లవాతంతో, అంటే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌తో, ఏళ్ల తరబడి బాధపడుతున్నవాళ్ల ఫోన్లలోకి విజయ నూనె ప్రకటనలు జోరుగా వస్తున్నాయి. ఆయుర్వేదంలో విజయ అంటే గంజాయి మొక్కే. నాలుక కింద నాలుగు చుక్కలు వేసుకుంటే నొప్పీ వాపూ రెండూ పోతాయన్నది వాటి సారాంశం. నొప్పి విషయంలో అందులో కొంత నిజముంది. వాపు తగ్గుతుందనడానికి మాత్రం మనుషుల మీద జరిగిన పరీక్షల్లో గట్టి ఆధారం దొరకలేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి అమ్మితే దెబ్బతినేది రోగి కీళ్లు.

వాపు తగ్గిస్తుందన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. గంజాయిలో ముఖ్యమైన రసాయనాలు రెండు: మత్తునిచ్చే టీహెచ్‌సీ, మత్తు లేని సీబీడీ. టీహెచ్‌సీ అతుక్కునే గ్రాహకాలు (కణాల మీద ఉండే తాళాల్లాంటివి) కూడా ఒంట్లో ప్రధానంగా రెండు రకాలు. సీబీ1 ఎక్కువగా మెదడులో, నరాల్లో ఉంటుంది. సీబీ2 ఎక్కువగా రోగనిరోధక కణాల మీద ఉంటుంది. సీబీ2ను ప్రేరేపిస్తే ఎలుకల్లో కీళ్ల వాపు తగ్గడం ప్రయోగశాలల్లో చూశారు. ప్రకటనలు అక్కడికే ఆగిపోతాయి.

మనుషుల దగ్గరికొస్తే ఇజ్రాయెల్ పరిశోధకులు క్రోన్స్ వ్యాధి మీద చేసిన పని చూడాలి. అది పేగుల్లో వచ్చే దీర్ఘకాలిక వాపు (ఇన్‌ఫ్లమేషన్). 2013లో వచ్చిన పరీక్షలో 21 మంది ఉన్నారు. టీహెచ్‌సీ ఉన్న సిగరెట్లు తాగిన 11 మందిలో 10 మందికి లక్షణాలు బాగా తగ్గాయి. టీహెచ్‌సీ తీసేసిన సిగరెట్లు తాగిన 10 మందిలో నలుగురికే తగ్గాయి. ఆకలి, నిద్ర కూడా మెరుగయ్యాయి. రక్తంలో వాపును పట్టిచ్చే సీఆర్‌పీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 2021లో సీబీడీ ఎక్కువున్న నూనెతో మళ్లీ పరీక్ష జరిగింది. రోగులు హాయిగా ఉందన్నారు. ఎండోస్కోపీలో పేగు పరిస్థితి మాత్రం మెరుగుపడలేదు.

కీళ్లవాతం మీద 2006లో బ్రిటన్ నుంచి ఒక పరీక్ష వచ్చింది. 58 మంది రోగులకు 5 వారాల పాటు సాయంత్రం పూట నోట్లో కొట్టుకునే సాటివెక్స్ స్ప్రే ఇచ్చి, ప్లేసిబోతో, అంటే మందు లేని ఉత్త స్ప్రేతో, పోల్చి చూశారు. ఒక్కో స్ప్రేలో 2.7 మి.గ్రా. టీహెచ్‌సీ, 2.5 మి.గ్రా. సీబీడీ ఉంటాయి. కదిలినప్పుడూ ఊరికే ఉన్నప్పుడూ వచ్చే నొప్పి తగ్గింది, నిద్ర బాగుపడింది. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోవడంలో మార్పు రాలేదు. వ్యాధి తీవ్రతను చూపే డీఏఎస్28 స్కోరు కొంత మెరుగైన మాట నిజమే. అయితే నొక్కితే నొప్పి అనిపించే కీళ్ల సంఖ్యా, ఎలా ఉందని అడిగితే రోగి చెప్పే జవాబూ ఆ స్కోరులో భాగాలే. నొప్పి తగ్గితే స్కోరూ దిగుతుంది. కీలు అరుగుతోందా లేదా తేల్చడానికి 5 వారాలు ఏ మూలకూ చాలవు.

మత్తు ఉండదని చాలామంది ఉత్త సీబీడీ వైపు మొగ్గుతారు. దాని ఫలితాలు మరీ నిరాశపరిచాయి. డెన్మార్క్‌లో చేతివేళ్ల కీళ్ల అరుగుదల, సొరియాటిక్ ఆర్థ్రయిటిస్ (సొరియాసిస్ చర్మవ్యాధితో వచ్చే కీళ్ల వాపు) ఉన్నవాళ్లకు రోజుకు 20 నుంచి 30 మి.గ్రా. చొప్పున 12 వారాలు ఇచ్చారు. వియన్నాలో మోకాళ్ల అరుగుదలకు రోజుకు 600 మి.గ్రా. చొప్పున 8 వారాలు ఇచ్చారు. రెండు చోట్లా ప్లేసిబోను మించి ఏమీ జరగలేదు. పది మి.గ్రా. సీబీడీ చుక్కలతో మోకాలు నయమైందన్న మాటను ఈ ఫలితాల పక్కన పెట్టి చూడాలి.

టీహెచ్‌సీ కలిసినప్పుడు ఫలితం ఉంది, కాకపోతే చిన్నది. 2025లో దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 820 మందితో జరిగిన పెద్ద పరీక్షలో గంజాయి సారం నొప్పిని 10 పాయింట్ల స్కేలుపై ప్లేసిబో కంటే దాదాపు 0.6 పాయింటు అదనంగా తగ్గించింది. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం, పొగ కాకుండా వేరే రూపంలో వాడితే, ప్లేసిబోతో పోల్చినప్పుడు నూటికి మరో 10 మందికి గుర్తించదగ్గ ఉపశమనం దొరుకుతుంది. మిగతా మందులు పనిచేయనప్పుడు ప్రయత్నించి చూడవచ్చని అది బలహీనమైన సిఫార్సు చేసింది. అదే బ్రిటన్‌లో ప్రభుత్వ సంస్థ నైస్, దీర్ఘకాలిక నొప్పికి టీహెచ్‌సీ ఇవ్వవద్దని 2019లోనే చెప్పింది. నా దృష్టిలో మొదటిదే మానవీయమైన వైఖరి. రాత్రి నిద్రపట్టని రోగికి ఆ పది మందిలో ఒకరయ్యే అవకాశం తక్కువదేం కాదు.

అసలు ప్రమాదం ఆ ఉపశమనం తర్వాత మొదలవుతుంది. కీళ్లవాతంలో కీలును కాపాడేది మెథోట్రెక్సేట్ లాంటి మందులే. వారానికి ఒక్కసారి 7.5 నుంచి 25 మి.గ్రా. వరకు, ఫోలిక్ ఆమ్లంతో కలిపి ఇస్తారు. వికారం, నీరసం, మూడు నెలలకోసారి రక్తపరీక్షలు ఉంటాయి కాబట్టి ఎప్పుడు మానేద్దామా అని రోగి ఎదురుచూస్తుంటాడు. నూనెతో నొప్పి తగ్గగానే ఆ సాకు దొరుకుతుంది. లోపల కీలుపొర వాపు కొనసాగుతూ మృదులాస్థినీ, ఎముక అంచులనూ తినేస్తూ ఉంటుంది. వేళ్లు వంకర తిరిగాక మళ్లీ మెథోట్రెక్సేట్ మొదలుపెట్టినా పోయిన ఎముక తిరిగి రాదు. అందుకే నూనె వాడేవాళ్లకు నొప్పి స్కోరు ఒక్కటే చాలదు. మొదలుపెట్టే ముందూ, 6 వారాలకూ, 12 వారాలకూ వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించి, వాచిన కీళ్లను డాక్టరు చేత లెక్క పెట్టించుకోవాలి. నొప్పి తగ్గి సీఆర్‌పీ అలాగే ఉంటే వ్యాధి లోపల నడుస్తున్నట్టే.

ఇక మోతాదు. ఎక్కువ పొరపాట్లు సీసా దగ్గరే జరుగుతాయి. చాలా సీసాల మీద ‘విజయ సారం 3000 మి.గ్రా.’ అని ఉంటుంది. అది సారం బరువు, టీహెచ్‌సీ బరువు కాదు. ల్యాబ్ రిపోర్టులో టీహెచ్‌సీ 40 శాతం అని ఉందనుకుందాం. 30 మి.లీ. సీసాలో 1200 మి.గ్రా., అంటే ఒక మి.లీ.కి 40 మి.గ్రా. అరడ్రాపర్ (అర మి.లీ.) వేసుకుంటే 20 మి.గ్రా. లోపలికి పోయినట్టే. వైద్య నిపుణుల బృందం 2021లో ఏకాభిప్రాయంతో సూచించిన మామూలు పద్ధతిలో ముందు సీబీడీ 5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇచ్చి, మెల్లగా రోజుకు 40 మి.గ్రా. దాకా పెంచుతారు. అప్పటికీ చాలకపోతేనే 2.5 మి.గ్రా. టీహెచ్‌సీ కలుపుతారు. బలహీనంగా ఉన్నవాళ్లకు 1 మి.గ్రా.తో మొదలుపెట్టి వారానికి 1 మి.గ్రా. చొప్పున పెంచుతారు. పై సీసాలో 2.5 మి.గ్రా. అంటే సుమారు 0.06 మి.లీ. డ్రాపర్‌తో అది కొలవడం కుదరదు. సూది లేని 1 మి.లీ. సిరంజి కావాలి. ఒక్కో మి.లీ.కి టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత అన్నది లేబుల్ మీద ముద్రించడాన్ని ఆయుష్ శాఖ తప్పనిసరి చేయాలి. ఆ రెండు అంకెలు లేని సీసాను కొనకపోవడమే మేలు.

మింగిన నూనె పని మొదలుపెట్టడానికి గంట నుంచి రెండు గంటలు, ఒక్కోసారి మూడు గంటలు పడుతుంది. అరగంటలో ఏమీ అనిపించలేదని మళ్లీ వేసుకుంటారు. కాలేయం టీహెచ్‌సీని మరింత మత్తున్న పదార్థంగా మారుస్తుంది. రెండు మోతాదులూ ఒకేసారి తలకెక్కి గుండెదడ, భయం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం మొదలవుతాయి. పెద్దవాళ్లు బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకునేది ఇలాంటప్పుడే. తిండి ప్రభావం కూడా ఉంది. కొవ్వున్న భోజనంతో తీసుకుంటే రక్తంలోకి చేరే సీబీడీ దాదాపు 4 రెట్లవుతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే తరహా భోజనం తర్వాత తీసుకోకపోతే మోతాదు సరిపోయిందో లేదో ఎప్పటికీ తేలదు.

ఇతర మందులతో తగాదాలు తక్కువేం కాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లలో రక్తం మరీ పలచబడవచ్చు, గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్ఆర్ పరీక్ష వెంటనే చేయించుకోవాలి. స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఒంట్లో పనిలోకి రావడానికి అవసరమైన ఎంజైమును సీబీడీ అడ్డుకుంటుంది. కీళ్లవాతానికే ఇచ్చే టోఫాసిటినిబ్ రక్తంలో పేరుకుపోవచ్చు. మెథోట్రెక్సేట్, సీబీడీ రెండూ కాలేయ ఎంజైములను పెంచగలవు కాబట్టి కాలేయ పరీక్ష (ఎల్ఎఫ్‌టీ) మధ్యమధ్యలో తప్పదు. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగబాలిన్ తోడైతే మగత రెట్టింపవుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పాతికేళ్ల లోపువాళ్లు, స్కిజోఫ్రీనియా ఉన్న కుటుంబాలవాళ్లు, గుండె జబ్బు అదుపులో లేనివాళ్లు దీని జోలికి పోకూడదు.

చట్టం సంగతి. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం పూతనూ కాయలున్న కొసలనూ గంజాయి అంటుంది. కొసలు కలవని ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. లైసెన్సున్న విజయ మందులు ఆకు సారంతో తయారై ఆయుష్ వైద్యుల చీటీ మీద దొరుకుతున్నది ఈ వెసులుబాటుతోనే. పాడేరు వైపు నుంచి దొంగచాటుగా వచ్చే సరుకు ఇంట్లో ఉంటే, కీళ్లనొప్పి కోసమని చెప్పినా కేసు ఆగదు. కిలో లోపున్నా ఏడాది వరకు జైలుశిక్ష పడొచ్చు. అమెరికాలోని పిల్లలు అమ్మానాన్నల మోకాళ్ల కోసం సూట్‌కేసులో పెట్టి తెచ్చే టీహెచ్‌సీ గమ్మీలు అక్కడి రాష్ట్రంలో చట్టబద్ధమైనవే కావచ్చు, మన విమానాశ్రయంలో దిగాక అది మాదకద్రవ్యాల దిగుమతి. సూపర్‌మార్కెట్‌లో దొరికే హెంప్ గింజల నూనె వేరే సరుకు. దాన్ని 2021 నుంచి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహారంగా అనుమతిస్తోంది. అందులో కొవ్వు ఆమ్లాలే తప్ప నొప్పి తగ్గించేంత సీబీడీ ఉండదు.

12 వారాల తర్వాత నొప్పి స్కోరు కనీసం 30 శాతం తగ్గకపోతే, నిద్రలోనూ తేడా లేకపోతే ఆపేయాలి. టీహెచ్‌సీ రోజూ వాడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వారం పది రోజులు నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి మందగించడం ఉంటాయి. ఇవి మందు పనిచేసిందనడానికి రుజువు కాదు, మానడం వల్ల వచ్చినవే. మూడు నాలుగు రోజులకోసారి పావు వంతు తగ్గించుకుంటూ వస్తే ఇబ్బంది తక్కువ. నెలల తరబడి వాడుతూ తెరలు తెరలుగా వాంతులవుతూ, వేడినీళ్ల స్నానంతోనే ఊరట దొరుకుతుంటే అది గంజాయి వల్లే కావచ్చు. అప్పుడు డాక్టరు దగ్గర దాచకుండా చెప్పి పూర్తిగా మానేయాలి.