మాస్టారూ, ఒకసారి బొమ్మ చూసి చెప్పండి

ఈ కనుమ నాడు మా ఊళ్లో న్యాయం జరిగింది. నలభై నిమిషాలు పట్టింది గానీ, జరిగింది.

మాది కొండపి వైపు. పండక్కి కబడ్డీ పందేలు పెట్టడం మా తాతల నాటి మాట. రెఫరీగా మా డ్రిల్లు మాస్టారే ఉంటారు. ముప్పై ఏళ్లుగా ఆయన విజిల్ ఊదితే అయిపోయినట్టే. తిట్టుకుంటాం, గొణుక్కుంటాం, ఇంటికెళ్లి అన్నం తింటాం. ఈసారి మా మేనల్లుడు సిడ్నీ నుంచి దిగాడు. దిగినవాడు అరిసెలు తిని ఊరుకోవచ్చు కదా. కమిటీ వాళ్లను కూర్చోబెట్టి రగ్బీ లీగ్ గురించి చెప్పాడు.

"మన కబడ్డీకి బంతి కలిపినట్టుంటుంది మామా" అన్నాడు. జట్టుకి 13 మంది. ఆరుసార్లు పట్టుకునేలోపు బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనిస్తే నాలుగు పాయింట్లు. ఆనిందా లేదా అన్నదే తగువు. బంతి మీద ఒకడు, వాడి మీద ముగ్గురు పడుంటే రెఫరీకి ఏం కనపడుతుంది? అందుకని అక్కడి పెద్ద లీగు వాళ్లు 2016లో సిడ్నీలో ఒక గది కట్టారట. పేరు బంకర్. ఏ ఊళ్లో ఆట జరిగినా ఆ గదిలో కూర్చుని వీడియో చూసి తీర్పు చెబుతారట. 2020 నుంచి కెప్టెన్లకు కూడా తీర్పును సవాలు చేసే హక్కు ఇచ్చారట. కమిటీ వాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. బంకర్ అంటే మావాళ్లకు తెలిసింది పెట్రోలు బంకే అయినా, ఊరి పరువు కదా, ఒప్పేసుకున్నారు.

ఇంగ్లండులో ఈ వీడియో రెఫరీ 1996 నుంచే ఉన్నాడు. కాకపోతే చాలా ఏళ్లు టీవీలో వచ్చే మ్యాచ్‌లకే. అంటే టీవీ వాడొచ్చిన రోజు ఒక న్యాయం, రాని రోజు ఇంకో న్యాయం. ఇదేమీ కొత్త సంగతి కాదు మనకి.

సరే, ఫైనల్ దగ్గరికొద్దాం. స్కోరు 22-22. అవతలి ఊరి కుర్రాడు కూతకొచ్చాడు. మావాళ్లు నలుగురు మీద పడ్డారు. ఆ కుప్ప కింద నుంచి చెయ్యొకటి మధ్య గీత వైపు సాగింది. మాస్టారు ఈ వయసులో నేల మీద బోర్లా పడుకుని, గడ్డానికి సున్నం అంటించుకుని మరీ చూశారు. విజిల్ ఊదారు. అందలేదు, అవుట్.

అవతలి కెప్టెన్ గాల్లో రెండు చేతులతో టీవీ బొమ్మ గీశాడు.

ఎల్‌ఈడీ స్క్రీన్ పెళ్లిళ్లకి అద్దెకిచ్చేది. ఆపరేటరు కూడా పెళ్లిళ్ల వీడియో కుర్రాడే. నొక్కాడు. స్క్రీన్ నిండా పసుపు కొట్టే ముత్తైదువలు ప్రత్యక్షమయ్యారు. "అది కరణంగారి మనవరాలు కాదటే!" అని ఆడవాళ్ల వైపు నుంచి గోల. ఆ వడ్డాణం కొన్నదా, అద్దెదా అన్న విచారణకు అయిదు నిమిషాలు. మళ్లీ నొక్కాడు. ఈసారి ఆటే వచ్చింది, స్లో మోషన్లో, పైనుంచి గులాబీ రేకులు రాలుతూ, సన్నాయి వాయిద్యంతో. మావాళ్లు నలుగురూ రేకుల జల్లులో ఆ కుర్రాడిని కౌగిలించుకుంటున్నారు. "ఆ రేకులు తియ్యి అబ్బయ్యా" అని మైకులో బతిమాలారు. తీస్తే పాటా పోయింది, రంగూ పోయింది. సరిగ్గా చెయ్యి గీత దగ్గరికి చేరే వేళకి తెల్లచొక్కా వేసుకున్న వీపు ఒకటి అడ్డం వచ్చింది. సర్పంచ్ గారిది. అంతకుముందు కూతకి మెచ్చి నూటపదహార్లు చదివించడానికి లోపలికొచ్చారు పాపం.

ఇక సెల్‌ఫోన్లు. పదిహేడు ఫోన్లు తెచ్చారు. పదకొండింట్లో తీసినవాడి మొహమే ఉంది. ఒకదాంట్లో చెయ్యి గీతకి ఇవతల ఉంది, తర్వాతి బొమ్మలో అవతల. అదెట్లా అని మేనల్లుడిని అడిగితే లెక్క చెప్పాడు: సెకనుకి 25 బొమ్మలు, చెయ్యి సెకనుకి పది మీటర్ల వేగంతో వెళ్తే బొమ్మకీ బొమ్మకీ మధ్య 40 సెంటీమీటర్లు. మా గీత వెడల్పు నాలుగు వేళ్లు. అంటే అసలు సంగతి రెండు బొమ్మల మధ్య ఎక్కడో జరిగింది. మాస్టారి గడ్డం ఉన్న చోట.

ఈలోగా కూతకొచ్చిన కుర్రాడు వెళ్లి టీ తాగి, రెండు బజ్జీలు తిని, కండువా కప్పుకుని కూర్చున్నాడు. చివరికి కమిటీ తీర్మానం: వీడియోలో తేలడం లేదు కాబట్టి, మాస్టారూ, మీరేమనుకుంటున్నారు?

నలభై నిమిషాల కిందట ఆయన ఊదింది విజిల్ కాదా, పీకా?

నవ్వకండి. ఆస్ట్రేలియాలోనూ ఇదే వరస. ఒకప్పుడు అనుమానం వస్తే దాడి చేసే జట్టుకే పాయింటు. 2013లో మార్చారు. రెఫరీ ముందు తన మాట చెప్పాలి, వీడియోలో గట్టి సాక్ష్యం లేకపోతే ఆ మాటే నిలుస్తుంది. అంత సరంజామా పెట్టి, తేలకపోతే చివరికి చేరేది మైదానంలో చెమటలు కారుస్తున్న మనిషి దగ్గరికే.

మనమేం తక్కువ తినలేదు. టీవీ చూసి రనౌట్ ఇస్తే వెనక్కి నడిచిన మొదటి బ్యాట్స్‌మన్ మన సచినే, 1992లో డర్బన్‌లో. 2023 ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్ గుర్తుందా? ఇరాన్‌తో 28-28 దగ్గర మన పవన్ సెహ్రావత్ కూతకెళ్లి లాబీలోకి, అంటే కోర్టు అంచున ఉండే పట్టీలోకి వెళ్లాడు, వెనకే ఇరాన్ వాళ్లు. వీడియో ఉంది, అందరూ చూశారు. ఏ రూలు ప్రకారం చూడాలి, పాతదా కొత్తదా అన్నది మాత్రం ఏ కెమెరాలోనూ పడలేదు. ఆట గంటసేపు ఆగింది. రెండు జట్లూ కోర్టులోనే కూర్చున్నాయి. 33-29తో మనం గెలిచాం, అది వేరే సంగతి.

కెమెరా అంటే నాకు పగ లేదు. పెట్టండి. పెట్టాల్సిన చోట పెట్టండి. మా తమ్ముడు పొగాకు రైతు. రాత్రంతా బ్యారన్ దగ్గర, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టం దగ్గర, కునుకు తియ్యకుండా పొగాకు కాల్చి, గ్రేడు చేసి, బేళ్లు కట్టి వేలానికి తీసుకెళ్తాడు. కొనేవాడు నడుస్తూ నడుస్తూ ఒక ఆకు లాగి, అటూ ఇటూ తిప్పి, పడేసి వెళ్లిపోతాడు. మూడు సెకన్లు. నో బిడ్, అంటే కొననని. ఎందుకు? రంగా, తేమా, వాడి మూడ్ బాగోలేదా? ఆ మూడు సెకన్లు స్లో మోషన్లో ఎవడు చూపిస్తాడు? ఏ కెప్టెన్ గాల్లో టీవీ బొమ్మ గీస్తాడు? బేళ్లు మళ్లీ ఆటోకెక్కుతాయి. వచ్చిన కిరాయి, పోయిన కిరాయి రైతుదే. వారం తిరిగి అదే బేలు తీసుకెళ్తే అదే మనిషి అదే ఆకుని కొంటాడు, కిలోకి ఇంత అని తగ్గించి. పిల్లాడి వేలు గీతకి తగిలిందా లేదా అని నలభై నిమిషాలు చూశారే, ఇది చూడండ్రా ఒక్కసారి!

సరే, వదిలేయండి. వచ్చే పండక్కి నాలుగు కెమెరాలు పెడుతున్నారట, ఒకటి డ్రోన్. మాస్టారు ఈసారి తనకి కుదరదని కబురు పంపారు. నిన్న చందా పుస్తకం మా ఇంటికొచ్చింది. పట్టుకొచ్చింది ఎవరనుకున్నారు, ఆ తమ్ముడే. అయిదొందలు రాశాను.

"వెయ్యి రాయన్నా, డ్రోన్ ఉంది" అన్నాడు.