పగలగొడదామా, మారిపోదామా: ఏకసభ్య కమిషన్ నివేదిక

తెలుగు మధ్యతరగతి ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వస్తున్న ప్రశ్న ఒకటుంది. ఉన్న ఇంటినే పగలగొట్టి బాగుచేయించుకోవాలా, అమ్మేసి ఇంకో ఇంటికి మారిపోవాలా? నదీజలాల పంపకం లాంటి చిన్నాచితకా విషయాలు చూసుకోవడానికి ట్రిబ్యునళ్లు ఎలాగూ ఉన్నాయి. ఈ పెద్ద విషయానికే దిక్కు లేదు. కనుక ఈ వ్యాసకర్త తననే తాను ఏకసభ్య కమిషన్‌గా నియమించుకున్నాడు. జీతభత్యాలు లేవు. సాక్షుల ఇళ్లలో టీ మాత్రం తాగాడు.

విచారణ సౌలభ్యం కోసం ఒక నమూనా కుటుంబాన్ని అనుకుందాం. నల్లకుంటలో 1990ల నాటి అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, 1,050 చదరపు అడుగులు. ఆయన వయసు 45. ఆవిడ, అత్తగారు, ఇంటర్ చదివే అమ్మాయి. హాల్లో పడమటి గోడకు చెమ్మ. చెమ్మ మీద క్యాలెండర్.

బయటివాళ్లు అనుకునేట్టు సమస్య ఆ చెమ్మతో మొదలవలేదు. చెమ్మ పదేళ్లుగా ఉంది. క్యాలెండర్లు మారుతున్నాయి, అంతే. సమస్య తోడికోడలి గృహప్రవేశంతో మొదలైంది. తెల్లాపూర్‌లో ఇరవై మూడో అంతస్తు. పాలు పొంగాయి, ఆవు సెల్లార్ దాకా వచ్చి ఫొటోలు దిగి వెళ్లింది, వ్రతం అయింది, ఫాల్స్ సీలింగ్‌లో దాచిన లైట్లు వెలిగాయి. తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ మాట్లాడలేదు. మెహదీపట్నం దాటాక ఆవిడ, "మన వంటింటి గట్టు చూస్తే ఏడుపొస్తోంది" అన్నారు. కమిషన్ దృష్టిలో కేసు నమోదైన సమయం అదే.

మొదట రీమోడలింగ్ పక్షం వాంగ్మూలం.

"బాత్రూం టైల్స్ ఒక్కటీ మార్చేస్తే చాలు, ఇల్లు కొత్తదైపోతుంది" అన్నాడు ఆయన. ఈ మాట ఇంతవరకు ఏ ఇంట్లోనూ నిజం కాలేదు. మేస్త్రీ వచ్చాడు. గోడను వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. "ఎవరు సార్ కట్టింది దీన్ని?" అన్నాడు. తనకు ముందు పనిచేసిన మేస్త్రీ మీద ప్రతి మేస్త్రీకీ అపారమైన జాలి ఉంటుంది. ఆ జాలి ఎస్టిమేషన్‌లో కలుస్తుంది.

పాత టైల్స్ పగలగొడితే రద్దు మోయించాలి, పైగా కింది ఫ్లాటు వాళ్ల సీలింగులోకి నీళ్లు దిగితే అసోసియేషన్ మీటింగు. అందుకని పాతవాటి మీదే కొత్తవి అతికించేద్దాం అన్నాడు మేస్త్రీ. అతికించాడు. నేల అర అంగుళం లేచింది. తలుపు రాసుకుపోతోంది. తలుపు అడుగు కోయడానికి కార్పెంటర్ వచ్చి, తలుపు ఊడదీసి, ద్వారబంధానికి చెద పట్టిందని తేల్చాడు. ద్వారబంధం లాగితే పక్కన ప్లాస్టరింగ్ రాలింది. రాలిన చోట స్విచ్‌బోర్డు ఉంది. దాని వెనక ఉన్న వైర్లు చూసి ఎలక్ట్రీషియన్ గుండె మీద చెయ్యేసుకున్నాడు: "ఈ వైరింగ్ మీద ఏసీ నడుపుతున్నారా సార్, దేవుడున్నాడు." కొత్త వైర్లకు గోడలన్నీ గాడులు కొట్టారు. గాడులు పడ్డ గోడలకు లప్పం. లప్పం పెట్టిన గోడలకు రంగు. రంగు వేసిన గోడ ముందు పాత సోఫా అసహ్యంగా కనిపించింది. టైల్స్‌తో మొదలైన పని సోఫా షాపుకు చేరింది. బాత్రూం మాత్రం ఇంకా పూర్తికాలేదు. కుళాయి బిగించే ప్లంబర్ సంక్రాంతికి ఊరెళ్లాడు.

ఇవన్నీ జరుగుతుంటే సంసారం ఎక్కడుంటుంది? సిమెంటు దుమ్ములో అత్తగారికి ఆయాసం, అమ్మాయికి పరీక్షలు. దగ్గర్లో రెండు నెలలకు ఇల్లు అద్దెకు అడిగితే రెండు నెలలకు ఎవరూ ఇవ్వరు. పదకొండు నెలల అగ్రిమెంటు రాసి, అడ్వాన్సు కట్టి, బీరువా, మంచాలు, గ్రైండరు, దేవుడి పటాలు అటు మోసి, పనయ్యాక మళ్లీ ఇటు మోయాలి. ఇల్లు మారడం మనవల్ల కాదని రీమోడలింగ్ ఎంచుకున్న కుటుంబం ఆ విధంగా రెండుసార్లు ఇల్లు మారుతుంది. ఈ అంశాన్ని కమిషన్ ఎర్ర సిరాతో గుర్తించింది.

ఇక మారిపోదామనే పక్షం. దీనికి నాయకుడు ఫ్రిస్కోలో ఉన్న బావమరిది. "బావా, ఇంకా ఆ పాత అపార్ట్‌మెంట్‌లో ఏంటి? అమ్మేసి గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లిపోండి" అని ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో చెబుతాడు. అతను ఉండేది చెక్క చట్రాల ఇంట్లో. అక్కడ గోడ పడగొట్టాలంటే ఓ శనివారం చాలంటాడు. "డౌన్ పేమెంటుకు నువ్వేమైనా సర్దుతావురా?" అని వాళ్లక్క అడిగితే మాత్రం సిగ్నల్ పోతుంది. టెక్సాస్‌లో సిగ్నల్ అంత దారుణమని మనకెవరూ చెప్పలేదు.

లెక్కలు చూద్దాం. పాత ఫ్లాటు 60 లక్షలకు పోతుంది. ఆయన మనసులో ఉన్న ధర వేరు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికిందని చదివిన దగ్గర్నుంచి హైదరాబాద్‌లో ప్రతి ఇంటి యజమానీ లోలోపల కోటీశ్వరుడే. కొనడానికి వచ్చినవాడు మాత్రం కోకాపేట గురించి అడగడు, బిల్డింగ్ వయసెంత, కారు పార్కింగ్ ఉందా, బోరులో నీళ్లున్నాయా అని అడుగుతాడు. సరే, 60 లక్షలు. కొత్తది కోటీ 20 లక్షలు. రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే 9 లక్షలు. (ఆంధ్రా వాళ్లు నవ్వనక్కర్లేదు, అక్కడా ఏడున్నరే.) ఇంకా కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ, ఇంకో 6 లక్షలు. ఒక్క ఇటుక మన చేతికి రాకముందే 15 లక్షలు ప్రభుత్వ ఖజానాలో గృహప్రవేశం చేశాయి. మిగతా 60 లక్షలకు 15 ఏళ్ల లోను, వడ్డీ ఎనిమిదిన్నర శాతం అనుకుంటే నెలకు దాదాపు 59 వేలు. ఆఖరి ఈఎంఐ ఆయన రిటైరయ్యే ఏడాది పడుతుంది. అప్పటికి కొత్త ఫ్లాటు పాత ఫ్లాటు అవుతుంది, ఏదో గోడకు చెమ్మ కూడా రావచ్చు.

ఆదాయపు పన్ను శాఖ ఈ వివాదంలో తటస్థంగా ఉందనుకుంటే పొరపాటు. పాత పన్ను విధానంలో, సొంతానికి ఇల్లు కొనే అప్పు మీద వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఇస్తుంది. ఉన్న ఇంటికి మరమ్మతు చేయించుకోవడానికి అప్పు చేస్తే ఆ మినహాయింపు 30 వేలు. చెమ్మ గోడ బాగుచేసుకునే పౌరుడి మీద దేశానికి ఎంత నమ్మకమో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఇంతకీ కోటీ 20 లక్షలకు వచ్చేదెంత? బ్రోచర్లో 1,800 అడుగులు. అది సూపర్ బిల్టప్. బిల్డర్లను అదుపు చేసే 2016 నాటి రెరా చట్టం పుణ్యమా అని కార్పెట్ ఏరియా కూడా చెబుతారు. కాకపోతే హోర్డింగ్ మీద కాదు, అగ్రిమెంటు లోపలి పేజీల్లో. ముప్పై శాతం పోతుందనుకుంటే చెప్పులు విప్పి నడవడానికి మిగిలేది 1,260. మిగతా 540 అడుగులు గోడల్లోనూ, లిఫ్టులోనూ, మెట్ల మీదా, క్లబ్‌హౌస్ ట్రెడ్‌మిల్ కిందా ఉంటాయి. ఎప్పుడైనా వెళ్లి చూసుకోవచ్చు. అంతస్తులు పెరిగే కొద్దీ నేలలో మన అవిభాజ్య వాటా కుంచించుకుపోతుంది, అది వేరే సంగతి. ఒకప్పుడు "లేక్ వ్యూ" అంటే అదనంగా డబ్బులు తీసుకునేవాళ్లు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక కొనేవాళ్లు వేసే మొదటి ప్రశ్న మారింది: చెరువు ఎంత దూరం? ఎంత దూరమైతే అంత మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చిన వారానికే అందులో సుత్తి మోత మొదలవుతుంది. బిల్డరు వేసిన బాత్రూం టైల్స్ ఆవిడకు నచ్చలేదు. బిల్డరు పెట్టిన స్విచ్చులు ఆయనకు నచ్చలేదు. ఎవరూ స్నానం చేయని బాత్రూంలో, ఎవరూ తాకని టైల్స్ పగలగొట్టి, రద్దు బస్తాలకెత్తి, సర్వీస్ లిఫ్టులో కిందికి దించుతారు. ఉన్న ఇంటిని పగలగొట్టే ఓపిక లేక కొత్తిల్లు కొన్న కుటుంబం కొత్తింటిని పగలగొడుతుంది. ఆ టవర్లలో ఏడాది పాటు ఏ అంతస్తులో డ్రిల్లింగ్ అవుతోందో కనిపెట్టడమే పెద్దవాళ్ల కాలక్షేపం.

గోడలు కూడా మార్చుకుందామని ఉబలాటపడితే అక్కడ దెబ్బ తగులుతుంది. పాత అపార్ట్‌మెంట్‌లో పిల్లర్లు, బీములు బరువు మోస్తాయి. మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను ఇంజనీరుకు చూపించి తీసేసుకోవచ్చు. ఇప్పటి టవర్లు చాలావరకు మైవాన్. అల్యూమినియం మూసలు నిలబెట్టి గోడా స్లాబూ కలిపి కాంక్రీటు పోస్తారు. ప్రతి గోడా బరువు మోసేదే, ఒక్కటీ కదపకూడదు. వెంకటేశ్వరస్వామి పటానికి మేకు దింపాలన్నా హ్యామర్ డ్రిల్లు కావాలి. కొత్తిల్లు కొన్నవాడు రీమోడలింగ్ హక్కును కూడా శాశ్వతంగా వదులుకున్నాడన్నమాట. ఈ సంగతి బ్రోచర్లో లేదు. స్విమ్మింగ్ పూల్ ఉంది.

వాస్తు సిద్ధాంతి గారిని రెండు పక్షాలూ సాక్షిగా పిలిచాయి. రెండు చోట్లా ఫీజు ఒకటే. పాతింట్లో ఈశాన్యంలో బాత్రూం ఉంది కనుకే ప్రమోషన్ ఆగిందన్నారు. కొత్తింట్లో ఈశాన్యం పెంచాలన్నారు. ఇరవై మూడో అంతస్తులో ఈశాన్యం పెంచాలంటే గాల్లోకి పెంచాలి. దానికి పరిహారం రాగి రేకు అని తేలింది. పాతింటికీ రాగి రేకే.

వాస్తు పేరెత్తితే నవ్వే చదువరులు ఒకసారి మన ప్రభుత్వాలను చూడాలి. 2015 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం సచివాలయానికి వాస్తు బాగాలేదని, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి స్థలానికి మారిపోదామని అనుకుంది. తర్వాత బైసన్ పోలో మైదానం బాగుందనుకుంది. నాలుగేళ్లు ఇళ్లు చూసి చూసి, ఉన్నచోటే కడదామని 2019 జూన్‌లో శంకుస్థాపన చేసి, 2020 జూలైలో పాతది పడగొట్టి, 2023 ఏప్రిల్ 30న గృహప్రవేశం చేసింది. ఆంధ్రప్రదేశ్ రెండో దారి పట్టింది. 2024 జూన్ 2 దాకా, అంటే పదేళ్లు ఉండొచ్చని చట్టం చెప్పిన ఉమ్మడి ఇంటి నుంచి 2016లోనే వెలగపూడికి సామాను సర్దేసింది. ఇల్లు కట్టుకుంటుండగా 2019 మేలో ఇంట్లో పెద్దలు మారి, డిసెంబరులో ఒకటి కాదు మూడు ఇళ్లు కావాలన్నారు. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన చేసిన ప్రధానమంత్రే 2025 మేలో మళ్లీ వచ్చి పనులు మొదలుపెట్టించారు. ఇంజనీర్లు, ఐఏఎస్‌లు, మంత్రివర్గాలు ఉన్నవాళ్లకే ఇంత కాలం పట్టింది. నల్లకుంట కుటుంబం పదేళ్లుగా తేల్చుకోలేదని ఎవరైనా అంటే కమిషన్ ఊరుకోదు.

నిజానికి ఈ కేసులో అంతిమ తీర్పు ఇచ్చేది అటక. కూడికలు తీసివేతలూ అయిపోయి, అమ్మేద్దామని ఆయన గట్టిగా అనుకున్న రోజున నిచ్చెన వేసి పైకెక్కాడు. ఇత్తడి గంగాళాలు రెండు, ఊరగాయ జాడీలు, రుబ్బురోలు పొత్రం, అమ్మాయి ఉయ్యాల, పనిచేయని టేబుల్ ఫ్యాను, కాపురానికి వచ్చినప్పుడు తెచ్చిన ఇనప ట్రంకు పెట్టె. "గంగాళం జోలికి వెళ్లకు, అది మా పుట్టింటిది" అని కింద నుంచి అత్తగారు. కొత్త ఫ్లాట్లలో చాలావాటికి అటకలు లేవు. గంగాళం ఎక్కడ పెడతారో తేలకుండా ఏ బ్యాంకు లోనిచ్చినా ఈ కుటుంబం కదలదు. ఆయన నిచ్చెన దిగాడు. క్యాలెండర్ కొంచెం పెద్దది తెస్తానన్నాడు.

నివేదిక ముగించే సమయానికి పిలవని సాక్షి ఒకాయన వచ్చాడు. అదే బిల్డింగ్‌లో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాడు. ఈ విచారణలో మమ్మల్నెందుకు అడగలేదని నిలదీశాడు. సొంతిల్లు లేనివాడికి ఈ డైలమా ఉండదు కదా అని కమిషన్ అంది. ఉండదు, నిజమే, అన్నాడు. ఓనరు రీమోడలింగ్ అని తేల్చుకున్న రోజే తన సంగతి కూడా తేలిపోయిందట. నెల రోజుల్లో ఖాళీ చేయాలి. పెయింటింగ్ ఖర్చుల కింద అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకున్నారు. ఆ గోడలు రేపెలాగూ పగలగొట్టేవే కదా, వాటికి పెయింటింగ్ ఎందుకని అడిగాడట.

"ఆనవాయితీ" అన్నారట ఓనరు.