అంకెలు వెనక్కి చెబితే ఒత్తులు చదవడం వస్తుందా?
ఈ నెలలో ఆరుగురు మిత్రులు నాకు పంపిన వాట్సాప్ సందేశం సారాంశం ఇది: చదవలేని పిల్లలకు ఉన్న లోపమల్లా వర్కింగ్ మెమరీ, అంటే విన్నదాన్నీ చూసినదాన్నీ పని అయ్యేదాకా మనసులో పట్టి ఉంచే శక్తి, తక్కువ కావడమే, రోజూ అరగంట అంకెలను వెనక్కి చెప్పించే ఆట ఆడిస్తే నలభై రోజుల్లో గడగడా చదువుతారు, నానబెట్టిన బాదంపప్పు పెట్టాలి, తప్పు చదివిన మాటను వందసార్లు రాయించాలి, పనులు ఒక్కొక్కటిగా చెప్పాలి.

బాదంపప్పు పెట్టండి, రుచిగా ఉంటుంది.

మొదటి మాటలో సగం నిజముంది. డిస్‌లెక్సియా, అంటే చదవడంలో ఇబ్బంది కలిగించే అభ్యసన వైకల్యం, ఉన్న పిల్లల్లో చాలామంది విన్న మాటలను, అంకెలను అదే వరుసలో తిరిగి చెప్పలేక తడబడతారు. అయితే మనస్తత్వ శాస్త్రవేత్తలు బాడ్లీ, హిచ్ 1974లోనే విన్నవాటిని నిలుపుకోవడం వేరు, చూసినవాటిని నిలుపుకోవడం వేరు అని విడదీశారు. ఈ పిల్లల్లో రెండోది తరచుగా బాగానే ఉంటుంది. పైగా చదవడం అలవాటైన కొద్దీ మాటలను మనసులో పట్టి ఉంచే శక్తీ పెరుగుతుంది కనుక, ఏది కారణమో ఏది ఫలితమో ఒక్క వాక్యంలో తేల్చేయడం కుదరదు.

అసలు చిక్కు ఆ ఆటతోనే. ‘క్రిమి’ అన్న మాట చూడండి. గుడి ఉన్నది ‘క’ మీద. పలకవలసింది కింద ఉన్న ర వత్తు తరువాత. అంతవరకూ ఆ గుడిని మనసులో పట్టుకుని ఉండాలి. వత్తును పోల్చుకోవడానికే తంటాలు పడే పిల్లవాడికి ఈలోగా గుడి జారిపోయి ‘క్రమి’ అని వస్తుంది. వాడికి కావలసింది వత్తు కనబడగానే నోటికి వచ్చేంత సాధన. అది కుదిరితే గుడిని మోయడానికి చోటు దానంతటదే మిగులుతుంది. 7-2-9ని 9-2-7 అని అప్పజెప్పినంత మాత్రాన ర వత్తు ఎలా వస్తుందో సందేశకర్తలే సెలవివ్వాలి. పరిశోధకులు మెల్బీ-లెర్వాగ్, హల్మ్ 2013లో ఇటువంటి శిక్షణపై 23 అధ్యయనాలను కలిపి పరిశీలించగా, శిక్షణ పొందినవారు అటువంటి ఆటల్లోనే మెరుగుపడ్డారు, చదువులో మాత్రం మేలు కనిపించలేదు. నలభై రోజుల అరగంటలంటే ఇరవై గంటలు. ఆ ఇరవై గంటలూ ఎవరైనా పక్కన కూర్చుని అక్షరానికీ ధ్వనికీ ముడివేసి నేర్పితే ఎంత దూరం వెళ్లవచ్చు! 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ అభ్యసన వైకల్యాన్ని గుర్తించినా, నిపుణుల దగ్గర పరీక్ష చేయించవలసిన తల్లిదండ్రులు ఆట పూర్తయ్యేదాకా చూద్దామని ఆగుతున్నారు.

వందసార్లు రాయించడమా? నేనూ మా అమ్మాయి చేత రాయించినదాన్నే. తను ముందు పేజీ పొడవునా నిలువుగా ‘క’లు రాసింది, తరువాత వాటికి గుళ్లు, ఆపైన వత్తులు, చివరికి ‘మి’లు. వంద ‘క్రిమి’లు తయారయ్యాయి, ఒక్కసారీ చదవకుండానే.

ఇక చివరి సలహా దగ్గర ఓడిపోయాను. పుస్తకాలు సర్దు, చెప్పులు లోపల పెట్టు, తాతయ్యను భోజనానికి పిలువు అని ఒక్క గుక్కలో చెప్పి, మరిచిపోయిందని కసురుకునే అలవాటు నాదే. మూడు రోజులుగా విడివిడిగా చెబుతున్నాను. చెప్పులు లోపలే ఉంటున్నాయి.