అవెంజర్స్ గేమ్‌ని ముంచింది కమలా ఖాన్ కాదు

ఈ వారంలో ఒకే ఫార్వర్డ్ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. కాలేజీ గ్రూపులో ఒకసారి, ఆఫీసు గ్రూపులో రెండుసార్లు వస్తే చదివి ఊరుకున్నాను. నిన్న రాత్రి మా బావమరిది పంపాడు. కింద "బావా, నువ్వు ఈ గేమ్ తెగ ఆడావు కదా, ఇదంతా నిజమేనా?" అని అడిగాడు. అడిగాక చెప్పకుండా ఉండలేను. వాడొక్కడికే చెప్పే బదులు, ఇది ఫార్వర్డ్ చేసిన అందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను.

మెసేజ్ పేరు "అవెంజర్స్ గేమ్‌ని చంపిందెవరు? ఏడు నిజాలు". 2020 సెప్టెంబర్‌లో వచ్చిన మార్వెల్స్ అవెంజర్స్ అనే వీడియో గేమ్ గురించి. ఆ ఏడు నిజాలూ క్లుప్తంగా ఇవి. సినిమా హీరోల ముఖాలు పెట్టలేదు. కమలా ఖాన్ అనే టీనేజ్ హీరోయిన్‌ని బలవంతంగా నెత్తిన రుద్ది ఫ్యాన్స్‌ని తరిమేశారు. ఫైటింగ్ అంటే ఒకే బటన్ నొక్కడం. డబ్బు గుంజడం కోసమే తీశారు. సింగిల్ ప్లేయర్‌గా తీసి ఉంటే సూపర్ హిట్ అయ్యేది. టీమ్‌గా ఆడే సూపర్‌హీరో ఆర్‌పీజీ (పాత్ర బలం పెంచుకుంటూ పోయే రకం గేమ్) ఎప్పటికీ ఆడదు. ఇప్పుడు మొత్తం మూసేశారు, కొన్నవాళ్ల డబ్బు గోవిందా.

ముఖాల గొడవతో ఎక్కువసేపు అక్కర్లేదు. 2019లో ట్రైలర్ చూపించిన రోజు నుంచీ ఇదే పాట. ఐరన్ మ్యాన్‌ని కామిక్స్‌లో ఎంతమంది గీశారో, ఎన్ని రకాల ముఖాలతో గీశారో లెక్కే లేదు. ఆట మొదలైన అరగంటకి నటుడు నోలన్ నార్త్ గొంతులో టోనీ స్టార్క్, అంటే ఆ ఐరన్ మ్యానే, మనకి అలవాటైపోతాడు. పైగా సినిమా డ్రెస్సులు తర్వాత ఆ గేమ్‌లోనే అమ్మారు. అవి వచ్చాక కూడా వెళ్లిపోయినవాళ్లు తిరిగి రాలేదు.

ఫైటింగ్ చెత్త అన్నవాడు ఈ గేమ్ ఆడలేదు. ఇది నేను కచ్చితంగా చెప్పగలను. థోర్ సుత్తి విసిరితే అది రోబోని గోడకి గుచ్చేసి అక్కడే ఉంటుంది. ఈలోపు మీరు ఉత్త చేతులతో పక్కవాళ్లని కొట్టుకోవచ్చు. బటన్ నొక్కి సుత్తిని వెనక్కి పిలిస్తే దారిలో అడ్డొచ్చినవాళ్లని కూడా తగులుకుంటూ చేతిలోకి వస్తుంది. హల్క్ ఒక శత్రువుని కాలు పట్టుకుని ఎత్తి, వాడితోనే మిగతావాళ్లని బాదుతాడు. బ్లాక్ విడో ఆట పూర్తిగా వేరు, దెబ్బ పడే క్షణంలో పక్కకి తప్పుకోవడం మీదే నడుస్తుంది. ఏ ఇద్దరి ఆటా ఒకేలా ఉండదు. ఈ గేమ్‌ని తిట్టిన రివ్యూల్లో కూడా చాలావాటిలో ఫైటింగ్‌కి మంచి మాటే ఉంది. గేమ్‌ని తయారుచేసిన క్రిస్టల్ డైనమిక్స్ స్టూడియో వాళ్ల కష్టం అందులో కనిపిస్తుంది. ఒకే బటన్ అట!

ఇక రెండో పాయింట్. ఈ రాత అంతా దీనికోసమే.

మెసేజ్‌లో ఇది అన్నిటికన్నా పెద్దగా ఉంది. బోల్డ్‌లో పెట్టారు. "ఎవరికీ తెలియని పాకిస్తానీ పిల్లని కోటా కోసం తెచ్చి నెత్తిన పెట్టారు, అందుకే ప్లేయర్లు వదిలేసి పోయారు" అని రాశారు. మా గ్రూపుల్లో ఎక్కువమంది నవ్వు ఎమోజీలు పెట్టింది కూడా దీనికే. మిగతా ఆరూ తప్పయితే తప్పు, అంతే. ఇది తప్పుతో పాటు పాపం కూడా.

ఎవరికీ తెలియని పిల్లట. కమలా ఖాన్ 2014 నుంచి సొంత కామిక్ ఉన్న హీరో. ఆ కామిక్ మొదటి సంపుటికి 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. ఆమె పుట్టి పెరిగింది అమెరికాలో, న్యూజెర్సీలో, జెర్సీ సిటీలో. ఆ ఊళ్లో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లలో సగం మందికి నేను చెప్పక్కర్లేదు. వాళ్ల అన్నలూ, వదినలూ, పిల్లలూ ఆ చుట్టుపక్కలే ఉంటున్నారు. రేపు వాళ్ల పిల్లల్ని ఎవరైనా "కోటా కోసం తెచ్చారు" అంటే ఇలాగే నవ్వు ఎమోజీ పెడతారా?

సరే, ఆమె ఎవరన్నది పక్కన పెడదాం. ప్లేయర్లు ఎప్పుడు, ఎక్కడ వదిలేశారో చూద్దాం. ఈ గేమ్‌లో రెండు భాగాలున్నాయి. మొదటిది కథ. పది పన్నెండు గంటలు పడుతుంది. కమలా ప్రధాన పాత్ర అయింది అందులో. కథ అయ్యాక రెండో భాగం. అదే మిషన్లు, గేర్ (హీరోకి తొడిగే కవచాలు, సామగ్రి), లెవెల్స్, నలుగురు కలిసి ఆడడం, అంతం లేని ఆట. అందులో మీకు నచ్చిన హీరోని తీసుకోవచ్చు. కమలా మొహం చూడడం ఇష్టం లేకపోతే హల్క్‌ని పెట్టుకుని ఏళ్ల తరబడి ఆడుకోవచ్చు, ఎవరూ అడగరు. మరి జనం మెచ్చుకున్నది ఏ భాగాన్ని? కథని. వదిలేసి పోయింది ఏ భాగంలో? రెండోదాంట్లో. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో మొదటి వారం వేలమంది ఆడిన గేమ్ కొన్ని నెలల్లోనే వెయ్యి లోపుకి పడిపోయింది, ఆ పడిపోయింది కథ అయిపోయినవాళ్ల వల్లే. ఆమె కోసం కథ రాసిన చోట జనం ఉన్నారు, ఆమెని ఎంచుకోవడం మీ ఇష్టం అన్న చోట పోయారు. ఆ పోయింది కూడా ఆమె వల్లేనట! కొంచెమైనా ఆలోచించి ఫార్వర్డ్ చేయండి.

కథ ఎలా మొదలవుతుందో గుర్తు చేస్తాను, ఆడనివాళ్లు చాలామంది ఉన్నట్టున్నారు కాబట్టి. చిన్నపిల్ల కమలా వాళ్ల నాన్నతో కలిసి అవెంజర్స్ పండగకి వెళ్తుంది. తను రాసిన అభిమాని కథ పోటీలో ఎంపికయింది మరి. స్టాళ్ల మధ్య కామిక్ పుస్తకాలు వెతుక్కుంటూ తిరుగుతుంది. థోర్ ఎదురుపడితే నోట మాట రాదు. కెప్టెన్‌ని చూసినప్పుడు ఆ కళ్లలో వెలుగు చూడాలి. మనం తొలిసారి సినిమాహాల్లో అవెంజర్స్‌ని చూసినప్పుడు మన మొహం కూడా అలాగే ఉంది. తర్వాత బ్రిడ్జి మీద దాడి, ఊరు నాశనం, టీమ్ మీద నింద, టీమ్ విడిపోవడం. ఐదేళ్లు గడిచాక ఆ పిల్లే, ఒంట్లోకి వచ్చిన శక్తుల్ని దాచుకుంటూ, యూటా ఎడారిలో పడి ఉన్న అవెంజర్స్ ఎగిరే విమానవాహకాన్ని వెతుక్కుంటూ వెళ్లి, కుమిలిపోతున్న బ్రూస్ బ్యానర్‌ని, అంటే హల్క్‌ని, లేపి నిలబెడుతుంది. విడిపోయినవాళ్లని కలిపేది ఆవిడే. అభిమాని వెళ్లి హీరోలకి వాళ్లెవరో గుర్తు చేయడం కన్నా మంచి కథ అవెంజర్స్‌కి ఇంకేం కావాలి? పాత్రకి గొంతిచ్చిన సాండ్రా సాద్ ఎంత బాగా చేసిందంటే, ఈ గేమ్‌ని ఉతికి ఆరేసిన రివ్యూయర్లు కూడా ఆమె దగ్గరికొచ్చేసరికి మెత్తబడ్డారు.

మా బావమరిది కూతురికి పదకొండేళ్లు. వేసవి సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు ఈ కథ ఆడించాను. కంట్రోలర్ నా చేతిలోంచి లాక్కుంది. కమలా వాళ్ల నాన్నని "అబ్బూ" అని పిలిచినప్పుడు, "మామయ్యా, అంటే నాన్న అనేనా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేం అడగలేదు, ఆడుకుంటూ పోయింది. చేతులు సాగదీసి రోబోల్ని గుద్దుతూ మూడు రోజులు భోజనానికి పిలిచినా రాలేదు. ఒరేయ్ బావమరిదీ, నువ్వు నిన్న పంపిన మెసేజ్ ఆ పిల్ల కూడా చూసే ఫోన్‌లోనే ఉంది. అందుకే నాకింత కోపం.

మరి నిజంగా ముంచిందేమిటి? కథ అయ్యాక ఒక మిషన్ ఎలా ఉండేదో చెబుతాను. లిఫ్ట్ దిగితే ఎయిమ్ అనే విలన్ సంస్థ వాళ్ల ల్యాబ్. తెల్ల గోడలు. ఒక గదిలో నిలబడి మీటర్ నిండేదాకా కాపలా కాయాలి. ఇంకో గదిలో జనరేటర్లు పగలగొట్టాలి. మళ్లీ లిఫ్ట్. మళ్లీ అదే తెల్ల గోడ. చివర్లో పెట్టె తెరిస్తే ఒక గేర్ ముక్క, ఫలానా దెబ్బ ఇంకొన్ని శాతం ఎక్కువ పడుతుంది అని. అది వేసుకుంటే హీరో ఒంటి మీద ఏమీ మారదు. ఆర్‌పీజీలో కొత్త కవచం దొరికితే అది కనబడాలి, లేకపోతే ఆ సంపాదనకి సంతోషమేముంది? ఐదు నిమిషాలకోసారి నంబర్లు పోల్చుకుని పాతవి పారేయడమే పని. దశాబ్దాల కామిక్స్ విలన్లు చేతిలో ఉండి, వాళ్లలో టాస్క్‌మాస్టర్‌నీ అబామినేషన్‌నీ తిప్పి తిప్పి అవే ఫైట్లలో దింపారు. కొత్త హీరోలన్నా త్వరగా వచ్చారా అంటే అదీ లేదు. ఆరుగురితో మొదలై పన్నెండుగురు అయ్యేసరికి 2022 నవంబర్ చివరికి వచ్చింది. కొత్తగా వచ్చిన ఆరుగురిలో ఇద్దరు విల్లు పట్టినవాళ్లు, ఒకరు ఇంకో థోర్. స్పైడర్ మ్యాన్‌ని ప్లేస్టేషన్ వాళ్లకే ఇచ్చి మిగతావాళ్ల కడుపు మండించారు. ప్లేయర్లు మొత్తుకున్నది వీటి గురించి. మొదటి నెల నుంచీ మొత్తుకున్నారు. వాళ్ల మాటలన్నీ చెరిపేసి, నేరమంతా ఒక అమ్మాయి మీదకి తోసేస్తోంది ఈ మెసేజ్.

నాలుగో పాయింట్ దగ్గర మాత్రం నేను తల వంచుతాను. డబ్బు గుంజారు అన్న మాటలో నిజముంది. డబ్బుతో కొనేవి డ్రెస్సులూ అలంకారాలే ఉంటాయి, ఆటలో బలం మాత్రం అమ్మం అని మొదట్లో మాటిచ్చారు. ఆ మాట నమ్మి, ఇదే కాలేజీ గ్రూపులో నేను వాళ్ల తరఫున గంటల తరబడి వాదించాను. 2021 మార్చిలో లెవెల్స్ ఎక్కడానికి కావాల్సిన పాయింట్లు పెంచారు. కొత్తవాళ్లు తికమక పడుతున్నారని సాకు చెప్పారు. అదే ఏడాది అక్టోబర్‌లో త్వరగా లెవెల్ ఎక్కించే బూస్టర్లు డబ్బుకి అమ్మకానికి పెట్టారు. ముందు నడక కష్టం చేసి, తర్వాత చెప్పులు అమ్మినట్టు. ప్లేయర్లు దుమ్మెత్తిపోశారు. నవంబర్ మొదట్లో క్షమాపణ చెప్పి తీసేశారు, కానీ ఆడేవాళ్ల నమ్మకం అప్పటికే పోయింది. ఆరోజు నాతో వాదించిన మిత్రులకి చెబుతున్నాను, మీరు చెప్పిందే నిజమైంది. గేమ్ తీసిందే దానికోసం అన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. అందులోని కథ అలాంటివాళ్లు రాసేది కాదు.

సింగిల్ ప్లేయర్‌గా తీసి ఉంటే సూపర్ హిట్ అట. అవెంజర్స్‌ని విడుదల చేసిన స్క్వేర్ ఎనిక్స్ సంస్థే 2021లో గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ గేమ్ విడుదల చేసింది. పూర్తిగా సింగిల్ ప్లేయర్, ఏమీ అమ్మలేదు, రివ్యూలు అదిరిపోయాయి, ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ కథనం బహుమతి కూడా దానికే. అయినా మొదట్లో అనుకున్నంత అమ్ముడుపోలేదని కంపెనీయే ప్రకటించింది. అవెంజర్స్ దెబ్బ తిన్నాక జనం దాన్ని కూడా అనుమానంగా చూశారని నా అభిప్రాయం. ఏదేమైనా "తీసి ఉంటే హిట్" అని అంత ధీమాగా రాయడానికి ఆధారమేదీ లేదు.

టీమ్ సూపర్‌హీరో ఆర్‌పీజీ ఎప్పటికీ ఆడదన్నవాళ్లు 2004 ఎక్స్-మెన్ లెజెండ్స్, 2006 అల్టిమేట్ అలయన్స్ పేర్లు వినలేదేమో. రెండూ రావెన్ సాఫ్ట్‌వేర్‌వే. నలుగురు హీరోలని ఎంచుకుని, ఒకే టీవీ ముందు నలుగురు కూర్చుని ఆడేవాళ్లు. అల్టిమేట్ అలయన్స్ మూడో భాగం 2019లో నింటెండో స్విచ్‌ అనే గేమ్ కన్సోల్‌లో వచ్చింది. ఆడకపోతే మూడు భాగాలు ఎవరు తీస్తారు?

చివరిది, మూసేశారు అన్నది. 2023 జనవరిలో ఇక కొత్తవేమీ రావని ప్రకటించారు. మార్చి 31న ఆఖరి అప్‌డేట్‌తో అప్పటిదాకా అమ్మిన డ్రెస్సులన్నీ అందరికీ ఫ్రీగా ఇచ్చేశారు. సెప్టెంబర్ 30న డిజిటల్ స్టోర్లలో అమ్మకం ఆపేశారు. ఆగింది అమ్మకం. కొన్నవాళ్ల గేమ్ కొన్నవాళ్ల దగ్గరే ఉంది. నా దగ్గర ఉంది కాబట్టే పిల్ల వేసవిలో ఆడింది. మెసేజ్ రాసినవాడు ఒక్కసారి గేమ్ తెరిచి చూసినా ఈ పాయింట్ రాసేవాడు కాదు.

ఊరికి వెళ్లాక మా మేనకోడలు ఫోన్ చేసింది. తన క్లాస్‌మేట్‌కి కమలా గురించి చెప్పిందట, ఆ అమ్మాయి కూడా ఆడతానంటోందట, "ఎక్కడ కొనాలి మామయ్యా?" అని అడిగింది. స్టోర్‌లో లేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. పాత డిస్క్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నేను కొంటాను.